బాలికల క్రీడా చలనచిత్రాలలో చారిత్రక యథార్థత

బాలికల క్రీడా చలనచిత్రాలలో చారిత్రక యథార్థత అనగా పాఠశాల వయసులోనే క్రీడారంగంలో ప్రవేశించిన బాలికల జీవితాల ఆధారంగా నిర్మించిన చలనచిత్రాలు, నిజంగా జరిగిన సంఘటనలకు ఎంతవరకు కట్టుబడి ఉన్నాయనే విషయం. హైదరాబాదు నగరంతోను, తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలతోను సంబంధం ఉన్న క్రీడాకారిణులపై 2017 – 2022 మధ్యకాలంలో మూడు హిందీ చిత్రాలు విడుదలయ్యాయి. అవి *పూర్ణ* (2017), *సైనా* (2021), *శభాష్ మిథు* (2022). వీటికి చాలా ముందే, 1991లో, తెలుగులో *అశ్విని* అనే చిత్రం వచ్చింది.

ఈ చిత్రాలను వాస్తవాలతో పోల్చి చూస్తే ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ఎవరు గెలిచారు, ఏ పతకం లభించింది, ఏ సంవత్సరంలో జరిగింది అనే విషయాలు చాలావరకు మారవు. ఆ విజయానికి దారితీసిన బడి, మైదానం, ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన శిక్షకులు, తోటి విద్యార్థులు మాత్రం తెరపై కుదించుకుపోతారు. పలువురు చేసిన పని ఒకరిద్దరు చేసినట్లుగా కనిపిస్తుంది. అందువలన ఈ చిత్రాల యథార్థతను ఫలితాలను బట్టి మాత్రమే కాక, ఆ ఫలితం వెనుక ఉన్న వ్యవస్థను ఎలా చూపారనే దానిని బట్టి కూడా అంచనా వేయవలసి ఉంటుంది.

## విషయ పరిధి

బాలికల క్రీడలపై వచ్చిన చిత్రాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

* జీవితకథా చిత్రాలు: నిజమైన క్రీడాకారిణి పేరుతోనే ఆమె జీవితాన్ని చూపేవి. *పూర్ణ*, *సైనా*, *శభాష్ మిథు* ఈ కోవకు చెందినవి.
* క్రీడాకారిణి స్వయంగా నటించినవి: ప్రధాన పాత్రలో నిజమైన క్రీడాకారిణి కనిపించినా, కథలో కల్పన కలిసినవి. *అశ్విని* ఇందుకు ఉదాహరణ.
* పూర్తిగా కల్పిత కథలు: క్రీడ, దాని నియమాలు, సామాజిక పరిస్థితులు నిజమైనవి కాగా పాత్రలు, పోటీలు కల్పితమైనవి. *కౌసల్య కృష్ణమూర్తి* (2019), *సీటీమార్* (2021) ఇటువంటివి.

మొదటి రకం చిత్రాలలో వ్యక్తులు, తేదీలు, ఫలితాలు అన్నిటినీ పరిశీలించవచ్చు. మూడవ రకం చిత్రాలలో క్రీడా నియమాలు, కాలం, పరిసరాలు మాత్రమే పరిశీలనకు నిలుస్తాయి.

## హైదరాబాదు నేపథ్యం

హైదరాబాదులో క్రీడలకు చిరకాలంగా కేంద్రమైన లాల్ బహదూర్ స్టేడియం నాంపల్లి, ఆబిడ్స్, బషీర్‌బాగ్ ప్రాంతాల నడుమ ఉన్నది. దీని పాత పేరు ఫతే మైదాన్. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో మొగలు సైన్యం ఇక్కడ విడిది చేసిందని, కోట వశమైన తరువాత దీనికి 'విజయ మైదానం' అనే అర్థంలో ఈ పేరు వచ్చిందని చెబుతారు. 1955లో భారత్, న్యూజీలాండ్ జట్ల మధ్య హైదరాబాదులో మొదటి టెస్టు మ్యాచ్ ఇక్కడే జరిగింది. మాజీ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి స్మారకంగా 1967లో దీని పేరు మార్చారు. ఇక్కడి ఇండోర్ స్టేడియంలోనే సైనా నెహ్వాల్ తన తొలి బాడ్మింటన్ పాఠాలు నేర్చుకుంది.

ఈ పరిసరాలలోనే శతాబ్దం దాటిన బాలికల పాఠశాలలు ఉన్నాయి. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల పాఠశాల 1895లోను, గన్‌ఫౌండ్రీలోని రోజరీ కాన్వెంట్ 1904లోను, మహబూబియా బాలికల పాఠశాల 1907లోను ఏర్పడ్డాయి. బాలికల చదువుకు ఇంత పాత చరిత్ర ఉన్న ప్రాంతమైనా, ఈ వ్యాసంలో పేర్కొన్న చిత్రాలలో ఏదీ ఈ బడుల కథను ఆధారం చేసుకున్నది కాదు. అంతర్జాతీయ ఖ్యాతి పొందిన వ్యక్తులే చిత్రాలకు ఇతివృత్తమయ్యారు. వారు ఆడిన మైదానాల, బడుల చరిత్ర నేపథ్యంగానే మిగిలిపోయింది.

## అశ్విని (1991)

కర్ణాటకలోని కొడగు ప్రాంతానికి చెందిన పరుగు క్రీడాకారిణి అశ్విని నాచప్ప ప్రధాన పాత్రలో నటించిన తెలుగు చిత్రం *అశ్విని*. ఉషాకిరణ్ మూవీస్ సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి మౌళి దర్శకత్వం వహించాడు. భానుచందర్ మరొక ముఖ్య పాత్రలో నటించాడు.

ఇదే సంస్థ అంతకు ముందు 1985లో, ప్రమాదంలో కాలు కోల్పోయి తిరిగి నాట్యం చేసిన సుధా చంద్రన్ జీవితం ఆధారంగా ఆమెనే కథానాయికగా చేసి *మయూరి* చిత్రాన్ని నిర్మించింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన ఆ చిత్రం విజయవంతమైంది. నిజజీవితంలోని వ్యక్తినే తెరపైకి తెచ్చే ఆ పద్ధతిని *అశ్విని*లో క్రీడారంగానికి వర్తింపజేశారు.

ఈ పద్ధతిలో యథార్థతకు ఒక విచిత్రమైన స్థితి ఏర్పడుతుంది. పరుగు దృశ్యాలలో శరీరం, వేగం, అడుగు వేసే తీరు నిజమైనవి. శిక్షణ పొందిన నటి ఎంత శ్రమించినా అంతర్జాతీయ స్థాయి పరుగును అనుకరించడం కష్టం. అయితే ఆ పరుగు చుట్టూ ఉన్న కథ చిత్రం కోసం అల్లినది. తెరపై ఉన్నది నిజమైన అశ్విని కాబట్టి కథ కూడా నిజమేనని ప్రేక్షకుడు భావించే అవకాశం మిగతా చిత్రాలకన్నా ఇక్కడ ఎక్కువ.

## పూర్ణ (2017)

### వాస్తవ సంఘటన

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2000 జూన్ 10న జన్మించింది. లంబాడా కుటుంబానికి చెందిన ఈమె సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతుండగా పర్వతారోహణకు ఎంపికయింది. గురుకులాల సంస్థకు అప్పటి కార్యదర్శి ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్. శిక్షకుడు బి.శేఖర్ బాబు.

వందకు పైగా విద్యార్థులకు భువనగిరి కొండపై శిలారోహణలో శిక్షణ ఇచ్చి, వారిలో కొందరిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆ తరువాత మరింత తక్కువ మందిని లడఖ్‌కు పంపారు. ఈ విధంగా దశలవారీగా వడపోసిన తరువాత చివరకు ఇద్దరు మిగిలారు. పూర్ణ ఒకరు కాగా, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మరొకరు. వీరిద్దరూ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు.

### పరిశీలించవలసిన అంశాలు

ఈ చిత్రానికి రాహుల్ బోస్ దర్శకత్వం వహించి, ప్రవీణ్ కుమార్ పాత్రను తానే పోషించాడు. పూర్ణ పాత్రలో అదితి ఇనామ్‌దార్ నటించింది. చిత్రం 2017 మార్చి 31న విడుదలైంది. చిత్రీకరణలో కొంత భాగం పాకాల గ్రామంలోనే జరిగింది. స్థలం విషయంలో ఇది యథార్థతకు దగ్గరగా తీసుకున్న నిర్ణయం.

పూర్ణ ఘనత గురించిన ప్రచారంలో తరచు కనిపించే పొరపాటు ఒకటి ఉంది. ఆమెను 'ఎవరెస్టు ఎక్కిన అతి పిన్న వయస్కురాలైన వ్యక్తి' అని కొన్నిచోట్ల రాస్తారు. అమెరికాకు చెందిన జోర్డాన్ రొమెరో 2010 మే 22న 13 సంవత్సరాల 10 నెలల వయసులో ఈ శిఖరాన్ని చేరాడు. కనుక పూర్ణ అతి పిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన *బాలిక* అనడమే సరైనది. ఈ తేడా ఒక్క నెలే అయినా చరిత్ర రచనలో దానికి ప్రాముఖ్యత ఉంది.

పూర్ణ బృందం నేపాల్ వైపు నుంచి కాక టిబెట్ వైపు నుంచి ఎక్కింది. నేపాల్ ప్రభుత్వం ఎవరెస్టు ఆరోహణకు కనీస వయసు 16 సంవత్సరాలుగా నిర్ణయించడమే ఇందుకు కారణం. మార్గం ఎంపిక వెనుక ఇటువంటి నిబంధనలు ఉంటాయన్న సంగతి తెలియకపోతే ఆరోహణ మొత్తం ధైర్యసాహసాల ఫలితంగానే కనిపిస్తుంది.

మరొక అంశం పాలనా సరిహద్దులకు సంబంధించినది. పూర్ణ శిఖరం చేరిన 2014 మే 25 నాటికి తెలంగాణ రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. అది 8 రోజుల తరువాత, జూన్ 2న అవతరించింది. శిక్షణ, ఎంపిక, ఖర్చు అన్నీ ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ గురుకుల వ్యవస్థలో జరిగాయి. తరువాతి కాలపు రచనల్లో దీనిని మొదటినుంచీ తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమంగా చెప్పడం కాలక్రమ దోషం అవుతుంది.

కథాభారం ఎక్కువగా పూర్ణ, ప్రవీణ్ కుమార్ పాత్రలపై పడింది. చిత్రం పేరు కూడా ఒక్క బాలిక పేరే. శిఖరం చేరిన ఇద్దరు విద్యార్థులలో ఆనంద్ కుమార్ పేరు సామాన్య పాఠకులకు అంతగా తెలియకపోవడానికి, ఇటువంటి కథనాలు ఒక్కరి చుట్టూ తిరగడం ఒక కారణమని చెప్పవచ్చు. పూర్ణ ఆ తరువాత ఏడు ఖండాలలోని ఎత్తయిన శిఖరాలన్నిటినీ 2022 నాటికి పూర్తిచేసింది. చిత్రం అంతకు ముందరిది కాబట్టి ఆ భాగం అందులో ఉండదు.

## సైనా (2021)

### వాస్తవ సంఘటనలు

సైనా నెహ్వాల్ 1990 మార్చి 17న హర్యానాలోని హిసార్‌లో జన్మించింది. తండ్రి హర్వీర్ సింగ్ వ్యవసాయ శాస్త్రవేత్త. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం హైదరాబాదుకు వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడింది. తల్లి ఉషారాణి హర్యానాలో బాడ్మింటన్ క్రీడాకారిణి. 1990ల చివర సైనాను తండ్రి లాల్ బహదూర్ స్టేడియంలో శిక్షకుడు నాని ప్రసాద్ వద్దకు తీసుకువెళ్ళాడు. స్టేడియానికి ఇంటి నుంచి 20 కిలోమీటర్లకు పైగా దూరం. తెల్లవారుజామునే స్కూటరు మీద బయలుదేరవలసి వచ్చేది. ఆ తరువాత ఆమె ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఎస్.ఎం.ఆరిఫ్ వద్ద, అటుపిమ్మట పుల్లెల గోపీచంద్ వద్ద శిక్షణ పొందింది. 2014లో బెంగళూరులో విమల్ కుమార్ వద్దకు మారి, 2017లో తిరిగి గోపీచంద్ అకాడమీకి వచ్చింది. 2015లో ప్రపంచ ర్యాంకింగులలో మొదటి స్థానం పొందింది.

### చిత్రం

అమోల్ గుప్తే దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2021 మార్చి 26న విడుదలైంది. పరిణీతి చోప్రా ప్రధాన పాత్రలో నటించింది. సైనా పేరు, తల్లిదండ్రుల పాత్రలు నిజమైనవే. ప్రధాన శిక్షకుడు మాత్రం రాజన్ అనే పేరుతో కనిపిస్తాడు. ఈ పాత్రను మానవ్ కౌల్ పోషించాడు. సమీక్షకులు ఈ పాత్రను గోపీచంద్‌కు ప్రతిరూపంగా గుర్తించారు.

శిక్షకుని పేరు మార్చడం వలన రెండు ఫలితాలు కలుగుతాయి. మొదటిది, జీవించి ఉన్న వ్యక్తి గురించి వివాదం రాకుండా అభిప్రాయభేదాలను చూపవచ్చు. రెండవది, ఆ పాత్ర ఎవరిదీ కాకుండా పోతుంది కాబట్టి, నిజమైన శిక్షకుల పరంపర చరిత్రలో తన స్థానాన్ని కోల్పోతుంది. నాని ప్రసాద్, ఆరిఫ్, గోపీచంద్ ముగ్గురూ వేరువేరు దశలలో చేసిన పని వేరువేరు స్వభావం కలది. మొదటివారు బాలికలో ప్రతిభను గుర్తించి పునాది వేశారు. తరువాతివారు దానిని అంతర్జాతీయ స్థాయికి తీసుకువెళ్ళారు.

### సాంకేతిక అంశాలు

విడుదలకు ముందు వచ్చిన ఈ చిత్రపు ప్రచారపత్రం విమర్శకు గురైంది. అందులో షటిల్‌కాక్‌ను పైకి ఎగురవేస్తున్న చేయి కనిపిస్తుంది. ఇది టెన్నిస్ సర్వీసును పోలి ఉన్నదని పలువురు ఎత్తిచూపారు. బాడ్మింటన్‌లో సర్వీసు కింది నుంచి చేయవలసి ఉంటుంది.

కాలానుగుణమైన మరొక అంశం స్కోరు పద్ధతి. 2006కు ముందు బాడ్మింటన్‌లో సర్వీసు చేసేవారికే పాయింటు లభించేది, మహిళల సింగిల్స్ గేమ్ సాధారణంగా 11 పాయింట్లకు ముగిసేది. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. సైనా బాల్యంలో ఆడిన పోటీలు పాత పద్ధతివి. ఆ కాలపు దృశ్యాలలో స్కోరుబోర్డుపై ఏ అంకెలు ఉన్నాయో చూసి, చిత్రం కాలాన్ని ఎంత జాగ్రత్తగా పాటించిందో విద్యార్థులు తేలికగా తెలుసుకోవచ్చు.

నిజజీవితంలోని ఫలితాలు ఎల్లప్పుడూ నాటకీయంగా ఉండవు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనాకు కాంస్యం వచ్చిన పోటీలో తొలి గేమ్ గెలిచినది చైనాకు చెందిన వాంగ్ షిన్. రెండవ గేమ్ ఆరంభంలోనే ఆమె గాయంతో వైదొలగింది. బాడ్మింటన్‌లో భారతదేశానికి తొలి ఒలింపిక్ పతకం ఈ విధంగా లభించింది. ఇటువంటి ఘట్టం చిత్రకథకు ఇమడడం కష్టం. చరిత్రకు మాత్రం ఇది అలాగే ఉండాలి.

## శభాష్ మిథు (2022)

### వాస్తవ సంఘటనలు

మితాలి రాజ్ 1982 డిసెంబరు 3న జోధ్‌పూర్‌లో ఒక తమిళ కుటుంబంలో జన్మించింది, సికింద్రాబాదులో పెరిగింది. బాల్యంలో భరతనాట్యం నేర్చుకుంది. తండ్రి దొరైరాజ్ ఆమెకు ఉదయాన్నే లేచే అలవాటు కలిగించడానికి, అన్న వెళ్ళే క్రికెట్ శిబిరానికి వెంట తీసుకువెళ్ళేవాడు. అక్కడ శిక్షకుడు జ్యోతిప్రసాద్ ఆమెలోని నైపుణ్యాన్ని గుర్తించి, బాలికలకు శిక్షణ ఇస్తున్న సంపత్ కుమార్ వద్దకు పంపాడు. సికింద్రాబాదులోని కీస్ బాలికల ఉన్నత పాఠశాలలో చదువుతూ ఆమె క్రికెట్ కొనసాగించింది. మితాలి అంతర్జాతీయ రంగప్రవేశం చేయకముందే సంపత్ కుమార్ రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

1999 జూన్ 26న ఇంగ్లాండులోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్‌పై ఆడిన తొలి వన్డేలోనే 16 ఏళ్ళ మితాలి 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. అదే మ్యాచ్‌లో రంగప్రవేశం చేసిన రేష్మా గాంధీ 104 పరుగులతో అజేయంగా ఉంది. భారత్ స్కోరు వికెట్ నష్టపోకుండా 258. ఒకే రోజు ఇద్దరు కొత్త క్రీడాకారిణులు శతకాలు చేసిన ఈ విషయం స్కోరుపత్రంలో స్పష్టంగా ఉన్నా, ఆ రోజు తలపుకు వచ్చినపుడు ఒక్క పేరే ఎక్కువగా వినిపిస్తుంది.

మితాలి 2002లో టాంటన్‌లో ఇంగ్లాండుపై 214 పరుగులు చేసి మహిళల టెస్టులలో అప్పటి అత్యధిక వ్యక్తిగత స్కోరును నెలకొల్పింది. ఆమె నాయకత్వంలో భారత్ 2005, 2017 ప్రపంచ కప్పులలో ఫైనల్ చేరి రెండుసార్లూ ఓడిపోయింది. 2017లో లార్డ్స్ మైదానంలో ఓటమి 9 పరుగుల తేడాతో జరిగింది. 2022 జూన్‌లో ఆమె అంతర్జాతీయ క్రికెట్ నుంచి విరమించింది.

### చిత్రం

శ్రీజిత్ ముఖర్జీ దర్శకత్వంలో తాప్సీ పన్ను ప్రధాన పాత్రలో నటించిన ఈ చిత్రం 2022 జూలై 15న విడుదలైంది. సంపత్ పాత్రను విజయ్ రాజ్ పోషించాడు. ఈ చిత్రంలో మితాలికి క్రికెట్ పరిచయం చేసేది నృత్య తరగతిలో కలిసిన నూరీ అనే బాలిక. మితాలి స్వయంగా పలు సందర్భాలలో చెప్పిన వృత్తాంతంలో తండ్రి, అన్న, శిబిరం, జ్యోతిప్రసాద్ వరుసగా వస్తారు.

ఈ మార్పును కేవలం దోషంగా చూడనవసరం లేదు. ఇద్దరు బాలికల స్నేహం ద్వారా, ఆడాలని ఉండి ఆడలేకపోయిన అనేక మంది అమ్మాయిల స్థితిని చిత్రం సూచించగలిగింది. అయితే దాని వలన ఒక ముఖ్యమైన చారిత్రక సంగతి మరుగున పడింది. 1990లలో సికింద్రాబాదులో బాలికలకు క్రికెట్ నేర్పే శిక్షకుడు, ఆడనిచ్చే బడి రెండూ ఉన్నాయి. అవి లేనిచోట అదే ప్రతిభ ఉన్న బాలిక కూడా వెలుగులోకి వచ్చేది కాదు. కల్పిత స్నేహితురాలు ఆ వ్యవస్థకు ప్రత్యామ్నాయంగా నిలిచింది.

సహక్రీడాకారిణులలో పలువురికి చిత్రంలో కల్పిత నామాలు ఉన్నాయి. అందువలన జట్టు చరిత్ర తెలుసుకోగోరేవారికి ఈ చిత్రం ఆధారంగా ఉపయోగపడదు. మహిళా క్రికెట్‌ను 1973లో ఏర్పడిన భారత మహిళా క్రికెట్ సంఘం నిర్వహించేదని, 2006లో అది భారత క్రికెట్ నియంత్రణ మండలిలో విలీనమైందని తెలిస్తే, మితాలి తొలినాటి సౌకర్యాల లేమికి కారణం అర్థమవుతుంది.

## కల్పిత కథలు

*కౌసల్య కృష్ణమూర్తి* 2019 ఆగస్టు 23న విడుదలైన తెలుగు చిత్రం. 2018లో వచ్చిన తమిళ చిత్రం *కనా*కు ఇది పునర్నిర్మాణం. భీమనేని శ్రీనివాసరావు దర్శకత్వం వహించాడు. ఐశ్వర్యా రాజేష్ కథానాయిక, రాజేంద్రప్రసాద్ ఆమె తండ్రి అయిన రైతు పాత్రలో నటించాడు. *సీటీమార్* 2021 సెప్టెంబరు 10న విడుదలైంది. సంపత్ నంది దర్శకత్వంలో గోపీచంద్ (నటుడు) మహిళా కబడ్డీ జట్టు శిక్షకుడిగా నటించాడు. ఒక గ్రామంలోని బడిని నిలబెట్టాలనే ప్రయత్నం ఈ కథలో ఒక భాగం.

ఇటువంటి చిత్రాలలో పోటీల ఫలితాలకు చారిత్రక విలువ లేదు. నియమాలు మాత్రం పరిశీలించదగినవి. ఉదాహరణకు మహిళల కబడ్డీ కోర్టు పురుషుల కోర్టుకన్నా చిన్నది. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటే, మహిళలకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆసియా క్రీడలలో మహిళల కబడ్డీ 2010లో మాత్రమే ప్రవేశించింది.

## ఇతర ప్రాంతాల ఉదాహరణలు

2016లో విడుదలైన హిందీ చిత్రం *దంగల్* హర్యానాకు చెందిన కుస్తీ క్రీడాకారిణి గీతా ఫోగట్ కథ. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో ఆమె స్వర్ణం గెలిచిన మాట నిజం. అయితే చిత్రంలో చివరి క్షణం వరకు ఉత్కంఠగా సాగిన ఫైనల్, నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన ఎమిలీ బెన్‌స్టెడ్‌పై తేలికైన విజయం. తండ్రిని గదిలో బంధించిన సన్నివేశం కల్పితం. జాతీయ శిక్షకుని పాత్రను చెడుగా చిత్రించారని, ఆనాటి నిజమైన శిక్షకుడు పి.ఆర్.సోంధీ బహిరంగంగా అభ్యంతరం తెలిపాడు. పేరు మార్చినంత మాత్రాన నిజమైన వ్యక్తికి కలిగే నష్టం తొలగిపోదనడానికి ఇది తార్కాణం.

అమెరికాలో 1992లో వచ్చిన *ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్* చిత్రం, 1943 – 1954 మధ్య నడిచిన మహిళల వృత్తి బేస్‌బాల్ లీగ్‌కు సంబంధించినది. అందులోని ముఖ్య పాత్రలు కల్పితమైనవి. చిత్రంలో 1943 ఛాంపియన్‌షిప్‌లో రసీన్ జట్టు రాక్‌ఫర్డ్ జట్టును ఓడిస్తుంది. నిజానికి రసీన్ ఓడించినది కెనోషా జట్టును. గెలిచిన జట్టు మారలేదు, ఓడిన జట్టు మారింది. ఇన్ని మార్పులున్నా, దాదాపు మరచిపోయిన ఆ లీగ్‌ను ప్రజల జ్ఞాపకంలోకి తిరిగి తెచ్చిన ఘనత ఈ చిత్రానికే దక్కుతుంది.

## మార్పులకు కారణాలు

* నిడివి: పది, పదిహేను సంవత్సరాల శిక్షణను రెండున్నర గంటలలో చూపవలసి ఉంటుంది. అందువలన పలువురు వ్యక్తులను ఒక పాత్రగా కలుపుతారు.
* అనుమతులు: జీవించి ఉన్నవారి పేర్లు వాడేందుకు వారి అంగీకారం అవసరమవుతుంది. అది లేనపుడు కల్పిత నామాలు వస్తాయి.
* విరోధి అవసరం: సినిమా కథకు ఎదురు నిలిచే వ్యక్తి కావాలి. నిజజీవితంలో అడ్డంకి సాధారణంగా వ్యక్తి కాదు. దూరం, ఖర్చు, మైదానం లేకపోవడం, వయసు నిబంధన వంటివి తెరపై చూపడం కష్టం.
* భాష: హైదరాబాదు, నిజామాబాదు ప్రాంతాల కథలను హిందీలో తీసినపుడు తెలుగు, దక్కనీ ఉర్దూ, లంబాడీ వంటి స్థానిక భాషల స్థానం తగ్గుతుంది.

భారతదేశంలో చలనచిత్రాలకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం యోగ్యతాపత్రం ఇస్తారు. అది చిత్రం బహిరంగ ప్రదర్శనకు తగినదా, ఏ వయసువారికి తగినదనే దానికి సంబంధించినది. కథ చారిత్రకంగా సత్యమని అది ధ్రువీకరించదు.

## ప్రభావం

ఫలితాలు వెంటనే ఇతర ఆధారాలలో దొరుకుతాయి కాబట్టి వాటిలోని పొరపాటు దీర్ఘకాలం నిలవదు. శిక్షకుల, బడుల విషయంలో అలా కాదు. పాఠశాల స్థాయి క్రీడలకు రికార్డులు తక్కువ. ఒక బడిలో బాలికల జట్టును ఎవరు ప్రారంభించారు, ఎంతమంది ఆడారు, మైదానం ఎవరు ఇచ్చారు అనే వివరాలు చాలాచోట్ల అక్కడివారి జ్ఞాపకాలలోనే ఉంటాయి. అటువంటి చోట చిత్రమే ఏకైక కథనంగా మిగిలితే, కల్పిత పాత్ర నిజమైన వ్యక్తి స్థానాన్ని ఆక్రమిస్తుంది.

దీనికి ఆచరణలో కూడా ప్రాధాన్యత ఉన్నది. ఒక బాలిక విజయానికి ఆమె పట్టుదల, ఒక గురువు కారణమని మాత్రమే నమ్మితే, బడికి మైదానం, వ్యాయామ ఉపాధ్యాయులు అవసరమన్న సంగతి వెనుకబడుతుంది. పూర్ణకు ప్రభుత్వ గురుకులం, సైనాకు ప్రభుత్వ స్టేడియం, మితాలికి బాలికల పాఠశాల, శిక్షణ శిబిరం ఆధారమయ్యాయి. మూడు కథలలోను సమానంగా ఉన్నది ఇదే.

మరొకవైపు, ఈ చిత్రాలు రాకపోతే చాలామందికి ఈ పేర్లే తెలిసేవి కావు. కనుక చిత్రాన్ని ఆసక్తికి ఆరంభంగాను, ఇతర ఆధారాలను చరిత్రకు మూలంగాను భావించడం ఉచితం.

## యథార్థతను పరిశీలించే విధానం

విద్యార్థులు ఒక క్రీడా చిత్రాన్ని వాస్తవాలతో పోల్చదలచినపుడు ఈ క్రింది క్రమం ఉపయోగపడుతుంది.

1. ముందుగా తేదీ, స్థలం, ప్రత్యర్థి, స్కోరులను అధికారిక స్కోరుపత్రాలతో సరిచూడాలి.
2. ఆ నాటి నియమాలు ఏవో తెలుసుకోవాలి. స్కోరు పద్ధతి, కోర్టు కొలతలు, వయసు నిబంధనలు కాలంతో మారుతుంటాయి.
3. శిక్షకుల జాబితాను కాలక్రమంలో రాసి, చిత్రంలో ఎవరు కలిశారు, ఎవరు తప్పిపోయారు అని చూడాలి.
4. క్రీడాకారిణి స్వయంగా చెప్పిన వృత్తాంతాన్ని చిత్రంతో పోల్చాలి. సైనా ఆత్మకథ 2012లో ఆంగ్లంలో వెలువడింది. పూర్ణ జీవితంపై అపర్ణ తోట రాసిన ఆంగ్ల పుస్తకం 2019లో వచ్చింది.
5. సంఘటన జరిగిన రోజులలోని వార్తాపత్రికలను చూడాలి. చిత్రం విడుదలైన తరువాత వచ్చిన కథనాలు చిత్రంలోని కల్పనలనే తిరిగి చెప్పే ప్రమాదం ఉన్నది కాబట్టి, అంతకు ముందరి కథనాలకు విలువ ఎక్కువ.

హైదరాబాదులో ఇటువంటి పరిశీలనకు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అనుకూలమైనది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఏర్పడిన ఈ సంస్థ 1936లో మూసీ నది ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనంలోకి మారింది. ఇక్కడ తెలుగు, ఉర్దూ, ఆంగ్లం, హిందీ మొదలైన భాషల పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. పాఠశాలల వార్షిక సంచికలు, క్రీడోత్సవాల ఛాయాచిత్రాలు కూడా ఆధారాలుగా ఉపయోగపడతాయి. బాలికల పాఠశాలలు తమ వద్ద ఉన్న ఇటువంటి సామగ్రిని భద్రపరిస్తే, రాబోయే చిత్రాలకు, చరిత్రకు కూడా అవి మూలమవుతాయి.

## ఇవి కూడా చూడండి

* లాల్ బహదూర్ స్టేడియం
* రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, హైదరాబాదు
* మాలావత్ పూర్ణ
* సైనా నెహ్వాల్
* మితాలి రాజ్
* అశ్విని నాచప్ప